గోదాము వెనక గది గాలి

జనగామల మా ఇల్లు మార్కెట్‌కు దగ్గర. కింద గోదాము, పైన మేము ఉంటుంటిమి. మక్కలు, కందులు, పెసర్లు బస్తాలకు బస్తాలు కింద పడి ఉంటుండె. నేను చిన్నగున్నప్పుడే మా బాపు పోయిండు. అప్పటిసంది అమ్మ, నేను బాపు అన్న పెద్దబాపు నీడల బతికినం. నీడ అనే మాట ఆయనదే. "నా నీడల ఉన్నరు, ఎండంటే ఏందో మీకేం తెలుసు" అని అన్నం కాడ, సుట్టాల ముంగట, నవ్వుకుంట అంటుండె. అమ్మ గూడ నవ్వుతుండె. నవ్వుకుంటనే ఆయన విస్తట్ల ఇంకింత నెయ్యి వేస్తుండె.

గింజలకు పురుగు పట్టకుండ గోదాముల మందు పెడుతుండ్రి. బూడిదరంగు గోలీలు అవి. బస్తాల నడుమ పెట్టి, మీదికెంచి టార్పాలిన్ కప్పి, అంచులకు ఇసుక సంచులు పేరుస్తరు. గాలిల తేమ తగిలితే గోలీ మెల్లగ పొడి అయితది. దాంట్లకెంచి గ్యాస్ లేస్తది. దాని పేరు ఫాస్ఫీన్ అని నేను ఎమ్మెస్సీ చదివినంకనే తెలిసింది. ఇంట్ల మాత్రం అందరం "మందు వాసన" అనేటోళ్లం. ఎల్లిగడ్డ మురిగినట్టు, చేపలు పాడైనట్టు ఉండె ఆ కంపు. మందు పెట్టిన దినాలల్ల పెద్దబాపు కొడుకును, కోడలిని, మనుమన్ని కోడలు అమ్మగారింటికి తోలేటోడు. మిగిలినోళ్లం కిటికీలు బందు పెట్టుకొని పైన ఉంటుంటిమి. గోదాముకు ఆనుకొని వెనకదిక్కు ఒక గది ఉండె. కావలి కాసేటాయన, ఆయన భార్య, వాళ్ల బిడ్డ ఆ గదిల్నే ఉంటుండ్రి. వాళ్లను ఎటు తోలాలె అన్న మాట ఎన్నడు ఎవరి నోట్ల రాలే.

వాళ్లది మానుకోట దాటి గంగారం దిక్కు అడవిల ఒక తండ. వానలు లేక, పని లేక వచ్చిన్రు. ఆయన పగలు హమాలీ పని చేస్తుండె, పొద్దుమూకినంక కావలి. ఆమె గోదాము ఊడ్చేది, రాలిన గింజలు చెరిగేది. నేను ఆమెను అక్క అని పిలుస్తుంటి. పెద్దబాపు ఉంటే నన్ను "అమ్మా" అనేది, లేకపోతే "చెల్లె" అనేది. బిడ్డకు నాలుగైదేండ్లు ఉంటయి. తల్లిని "యాడీ" అని పిలిచేది. తల్లితోని వాళ్ల భాషల, నాతోని తెలుగుల, గోదాముల పిల్లితోని రెండు కలిపి మాట్లాడేది.

నేను యూనివర్సిటీల పీహెచ్‌డీల చేరిన ఏడాది తెలంగాణ ఉద్యమం మస్తు జోరు మీదుండె. మా గైడు నాకిచ్చిన పని, ఇంట్ల గాలిల ఉండే విషాలను పట్టే సెన్సర్లు. పొయ్యి పొగ, గ్యాసునూనె పొగ, కొత్త రంగుల వాసన, బొగ్గు కాలితే వచ్చే వాసన లేని గ్యాస్, ఇట్లాంటియన్ని. గైడుది కోస్తా. మొదటి సెమినార్ల నేను లేచి, "పూత మీద గ్యాస్ తగిలితే గిట్ల కరెంటు పెరుగుతది" అన్న. ఆయన చెయ్యెత్తి ఆపిండు.

"ఏమ్మా, గిట్ల అంటే ఏమిటి? సెన్సరు గిట్ల పనిచేస్తుందా, గట్ల పనిచేస్తుందా?"

గదంత పగలబడి నవ్వింది. మా దిక్కు పిల్లలు గూడ నవ్విన్రు. ఆయన ఇంకొక మాట అన్నడు. "మీ ఊళ్లల్లో ఇళ్లకి తలుపులే సరిగా ఉండవు గదమ్మా, లోపలి గాలికి సెన్సర్లెందుకు?" నేను బోర్డు మీద బొమ్మ గీసుకుంట నిలబడ్డ. సుద్దముక్క విరిగింది. విరిగిన ముక్కతోనే మిగిలిన బొమ్మ గీసిన.

సెన్సరు అంటే పెద్ద వస్తువేం కాదు. అగ్గిపుల్ల కంటె పొట్టి పింగాణి గొట్టం. దాని లోపల సన్న తీగ, కరెంటు ఇస్తే ఎర్రగ కాలుతది. గొట్టం మీద తగరం ఆక్సైడ్ పూత. కాలిన పూతకు గ్యాస్ తగిలితే దాంట్ల కరెంటు తేలికగ పారుతది, కరెంటుకు ఎంత అడ్డున్నదో చూపే మీటర్ల అంకె పడిపోతది. చెప్పడానికి ఇంతే. చేయడానికే పాణం పోతది. కల్వంల పొడిని గంటలకొద్ది నూరాలె. ఫర్నేస్‌ల వేడి కొంచెం ఎక్కువైతే పొడి గింజలన్ని అతుక్కొని గట్టిపడ్తయి, ఇంక గ్యాస్ లోపలికి పోదు. తక్కువైతే పూత గోరుతోని గీకితే రాలిపోతది. అన్నిటికంటె పెద్ద తిప్పలు ఏందంటే, ఆ పూతకు శత్రువెవరో తెల్వదు. విషం తగిలినా అంకె పడిపోతది, పోపు పెట్టినా పడిపోతది.

ఒకసారి ఇంటికి పోయినప్పుడు గోదాముల మందు పెట్టి ఉన్నది. మెట్ల కింద అక్క బిడ్డను ఒళ్లో ఏసుకొని కూసున్నది.

"చెల్లె, మందు పెట్టినప్పుడల్ల పిల్ల కక్కుతున్నది. తలకాయ నొస్తదంటది. నాకు గూడ రొమ్ముల పట్టేసినట్టు ఉంటది. సేటుకు ఒక మాట చెప్పరాదు?"

నేను పోయి పెద్దబాపుకు చెప్పిన. ఆయన సోఫాల కూసొని టీవీల ధర్నా చూస్తుండె.

"తండల గుడుంబ బట్టీల కాడ పుట్టి పెరిగినోళ్లు," అన్నడు నా దిక్కు చూడకుంటనే. "వాళ్లకు గీ వాసనేం జేస్తది?"

ఆ గదికి, గోదాముకు నడుమ గోడల మీదికి ఒక వెంటిలేటర్ ఉండె. కావలాయన లోపటి నుంచి దాంట్లకెంచే బస్తాల మీద కన్నేసి ఉంచాలని పెద్దబాపు పెట్టించిండు. గ్యాస్ ఎట్ల పోతున్నదో నాకు అర్థమైంది. కాని చెప్పితే ఆయన నమ్మడు. ఆయనకు అంకె చూపియ్యాలె.

పై నెల ల్యాబ్‌ల చేసిన సెన్సరు ఒకటి డబ్బల పెట్టుకొని తెచ్చిన. ముందుగాల పైన వంటింట్ల పెట్టి చూసిన. పెద్దమ్మ పచ్చిపులుసుకు పోపు పెట్టింది. అంకె దబ్బున పడ్డది. కోడలు సెంటు కొట్టుకొని అటుకెల్లి పోయింది, మళ్ల పడ్డది. పెద్దబాపు కడుపు పట్టుకొని నవ్విండు.

"నీ చదువు సల్లగుండ! పోపుకు గూడ సచ్చిపోతున్నమంటది నీ మిషన్. ఇంట్ల వంట బందు పెడదామా?"

అందరు నవ్విన్రు. అమ్మ గూడ నవ్వింది. నేను డబ్బ మూసుకొని అదే దినం బస్సెక్కిన. ఆ నవ్వుకు జవాబు మాటల్ల లేదు, పూతల ఉన్నది అనుకున్న. మంచి పూత చెయ్యాలె. పోపుకు కదలద్దు, మందు గ్యాస్‌కే కదలాలె.

దాని కోసం ఎన్ని పూతలు చేసిన్నో. తగరం ఆక్సైడ్‌ల పల్లేడియం కలిపిన, జింకు కలిపిన. చివరికి రాగి ఆక్సైడ్ కొంచెం కలిపితే దారి దొరికింది. పూత మీద బొగ్గుపొడి జల్లెడ తీరుగ ఒక పొర ఏస్తే వంట వాసనలు దాంట్లనే ఆగిపోతున్నయి, మందు గ్యాస్ మాత్రం దాటుతున్నది. అప్పట్ల క్యాంపస్‌ల ఇయ్యాల బంద్, రేపు ర్యాలీ. ఒకపారి పోలీసులు కొట్టిన టియర్ గ్యాస్ హాస్టల్ల జొరబడ్డది. మొఖాలకు తడిబట్టలు కట్టుకొని అందరం ఉరికినం. తిరిగొచ్చి చూస్తే నేను కిటికీ కాడ ఆరబెట్టిన పూతలన్ని ఖరాబైనయి, ఏ ఒక్కటి సరిగ పనిచెయ్యలే. గైడుకు చెప్పితే, "ఉద్యమం చేసుకుంటారా, పరిశోధన చేసుకుంటారా? రెండూ కుదరవమ్మా" అన్నడు. నేను ఆ దినం ర్యాలీకి పోలేదు. కల్వంల పొడి నూరుకుంట ల్యాబ్‌ల్నే ఉన్న. ఆ మాట ఆయనకు అక్కరలేదు. మళ్ల మొదటి నుంచి చేసుకుంట వచ్చిన.

సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగిపోయినయి, బడులు మూతపడ్డయి. బొగ్గు బావులు ఆగినయి, కరెంటు ఎప్పుడు పోతదో ఎప్పుడు వస్తదో తెల్వదు. యూనివర్సిటీ గూడ బందైతే నేను సామాను సర్దుకొని, కొత్త పూత సెన్సరు డబ్బ సంకల పెట్టుకొని, ఎవరిదో బండి మీద జనగామ చేరిన.

ఊరంత టెంట్లు, పాటలు, డప్పులు. మా పెద్దబాపు మెడల కండువ ఏసుకొని దీక్షల టెంటు కాడ మజ్జిగ పంచుతున్నడు. ధర్నాకని రోడ్ల మీద వండుకొని తినే వంటా వార్పుకు బియ్యం ఇచ్చిండు. మైకుల ఆయన పేరు చెప్పి చప్పట్లు కొట్టిన్రు. ఆయన దండం పెట్టిన తీరు చూస్తే కండ్లల్ల నీళ్లొస్తయి, అంత వినయంగ పెట్టిండు.

లారీలు నడవక సరుకు గోదాములనే పడి ఉన్నది. వానలకు తేమ పట్టింది, పురుగు లేచింది. ఆయన పాత మందు మీద మళ్ల మందు పెట్టించిండు, ఈసారి ఎప్పటికంటె ఎక్కువ. టార్పాలిన్ ఒక మూలకు చినిగి ఉన్నది. కొత్తది తెప్పిద్దామంటే దుకాణాలు బంద్. "నడుస్తది తీ" అన్నడు.

పొద్దుగాల నేను వెనక గదికి పోయిన. అక్క మొఖం పీక్కపోయింది. పిల్ల చాప మీద పండుకొని ఉన్నది, కండ్లు తెరిచే ఉన్నయి, నన్ను చూసి నవ్వలే. మందు వాసన గప్పున తగిలింది. కరెంటు లేదని స్కూటర్ బ్యాటరీకి సెన్సరు తగిలించిన. తీగ వేడెక్కేదాక ఆగినం. ముందుగాల తలుపు కాడ, బయటి గాలి తగిలే పొయ్యి మీద అక్కను నూనె కాగబెట్టుమన్న. అంకె కదలలే. నాకు లోపల సంబురం అనిపించింది, అంత తిప్పలు పడి చేసిన పూత అది. తర్వాత డబ్బను వెంటిలేటర్ కిందికి జరిపిన. అంకె పడ్డది. పడుకుంటనే పోయింది. మీటరు ఇంక చూపియ్యలేనంత కిందికి పోయింది.

నేను పిల్లను ఎత్తుకొని, అక్కను చెయ్యి పట్టుకొని వాకిట్లకు తెచ్చిన. డబ్బను అట్లనే పట్టుకొని టెంటు కాడికి ఉరికి పెద్దబాపును పిలుచుకొచ్చిన. ఆయనను గదిల నిలబెట్టి అంకె చూపిచ్చిన. వాకిట్లకు తెస్తే అంకె మెల్లగ లేస్తది, లోపలికి తెస్తే పడ్తది. రెండుసార్లు చూపిచ్చిన.

ఆయన ఈసారి నవ్వలే. మీటరు మీదికి వంగి అంకె చదివిండు.

"ఎంతుంటే సస్తరు?" అన్నడు.

"పెద్దబాపూ, ఇంత ఉన్నకాడ గంట గూడ ఉండద్దు. పిల్లలకైతే ఇంక కష్టం. వీళ్లను పైకి తోల్కపోదాం, లేకపోతే మందు తీపియ్యాలె."

"సావలే గదా ఇంక," అన్నడు. "ఉన్నరు గదా."

అక్క పక్కనే నిలబడి ఉన్నది. పిల్లను బుజం మీద ఏసుకొని ఉన్నది. ఆ మాట ఆమెకు వినబడ్డది.

పైకి తోల్కపోతనంటే మెట్ల మీద పెద్దమ్మ అడ్డం నిలబడ్డది. దసరా పండుగకు ఇల్లు కడిగి సున్నం ఏసుకున్నం, దేవుని అర్ర ఉన్నది, తండోళ్లు మెట్లెక్కేది లేదన్నది. అమ్మ నా చెయ్యి గుంజింది. నేను వదిలించుకున్న. గొడవ పెద్దగైంది, వాడకట్టోళ్లు కిటికీల నుంచి చూస్తున్నరు. పెద్దబాపుకు పరువు యాదికొచ్చింది. "సరే తీ, దుకాణం అరుగు మీద పండుకుంటరు. గోదాముల మందు తగ్గేదాక అక్కడ్నే ఉంటరు. నేనే చెప్తున్న, ఇంకేం గావాలె నీకు?" అన్నడు. మా అమ్మ ముంగట, వాడకట్టోళ్ల ముంగట అన్నడు. అక్కోళ్ల చాప, చద్దర్లు నేనే అరుగు మీదికి మోసిన. పిల్లకు చక్కెర నీళ్లు తాగిపిచ్చిన. అది నా సెన్సరు తీగను వేలుతోని ముట్టబోతే, కాలుతదని ఆపిన.

మాపటికి పెద్దబాపు నా గదికి వచ్చి డబ్బ అడిగిండు.

"మనుమడు పైన పంటున్నడు. రోడ్లు బందాయె, వాళ్లను అమ్మగారింటికి తోలుదామంటే తొవ్వ లేదు. గా మిషన్ వాని గదిల పెట్టు."

"అది అక్క వాళ్ల కాడ పెడదామనుకున్న."

"కింద కరెంటేది? ఇన్వర్టర్ పైననే ఉన్నది గదా," అన్నడు. ఎంత మెత్తగ అన్నడంటే నిజంగ కరెంటు కోసమే అన్నట్టు ఉండె.

ఆయన నా మిషన్‌ను నమ్మిండు. నన్ను చూసి నవ్విన మనిషి, పోపుకు సస్తమా అన్న మనిషి, ఆ పూత చెప్పిన ప్రతి మాట నమ్మిండు. మనుమని మంచం పక్కన డబ్బ పెట్టించి, అంకె చూసి, గోదాము దిక్కున్న కిటికీ సందులకు టేపు అంటించిండు. మళ్ల అంకె చూసి, "ఇగ మంచిగున్నది" అన్నడు. తర్వాత కిందికి దిగి అరుగు కాడికి పోయిండు. బందులల్ల దొంగలు తిరుగుతున్నరు, గోదాము కాడ ఎవరు లేకపోతే బస్తాలు పోతే ఎవడు జవాబ్‌దార్, ముగ్గురిని మళ్ల వెనక గదిల్నే పండుకొమ్మని కావలాయనకు చెప్పిండు. ఈ ముచ్చట నాకు తెల్లారినంకనే తెలిసింది. చద్దరు గూడ మర్చిపోకుండ తీస్కపొమ్మన్నడట.

పొద్దుగాల అక్క అరుపుకు ఉరికిన. వెనక గది తలుపు తీసి ఉన్నది. కావలాయన గడప మీద కూసొని కక్కుతున్నడు, లేవబోతే కాళ్లు నిలుస్తలేవు. అక్క పిల్లను ఎత్తుకొని ఉన్నది. పిల్లకు తెలివి ఉన్నది. చేతులు మంచులెక్క సల్లగున్నయి. "యాడీ, పాణీ" అన్నది. నీళ్లు తాగిపిస్తే తాగింది, వెంటనే కక్కింది.

ఆటో ఎక్కినం. చౌరస్తాల వంటా వార్పు నడుస్తున్నది, రోడ్డుకు అడ్డంగ పొయ్యిలు, గుండిగలు. పిల్లను చూసి ఎవరు ఏం అడగలే. ఆడోళ్లు కాలుతున్న గుండిగలను కొంగులతోని పట్టి పక్కకు జరిపిన్రు. ఒకాయన ముంగట ఉరుక్కుంట జనాన్ని జరిపిండు. ఆ గుండిగలల్ల ఉడుకుతున్నయి మా పెద్దబాపు ఇచ్చిన బియ్యం.

దవాఖానల డాక్టరు ఉన్నడు. సెలైన్ పెట్టిండు, ఆక్సిజన్ పెట్టిండు. నేను గ్యాస్ పేరు చెప్పిన. ఆయన నన్ను పక్కకు పిలిచి, "దీనికి విరుగుడు లేదమ్మా. గుండెను పట్టుకుంటది. చూద్దాం" అన్నడు. పిల్లకు చివరిదాక తెలివి ఉన్నది. అదే గోస. ఊపిరి ఆడక మెడ నిక్కిచ్చి, తల్లి మొఖం దిక్కు చూసుకుంట, ఏదో వాళ్ల భాషల అడుగుతున్నది. అక్క జవాబు చెప్తున్నది. ఏం అడిగిందో నాకు తెల్వదు. పొద్దెక్కకముందే పోయింది.

పెద్దబాపు వచ్చిండు. కండువ ఏసుకునే వచ్చిండు. పోలీసాయన ముంగట, "పసిది, ఎలకల మందు తిన్నట్టున్నది. ఎన్నిసార్లు చెప్పిన తల్లికి, పిల్లను కనిపెట్టుకొమ్మని" అన్నడు. అని అక్క తలకాయ మీద చెయ్యి పెట్టి, "ఊకో బిడ్డా" అన్నడు. కావలాయన పక్క మంచం మీద సెలైన్‌తోని పండుకొని అంత విన్నడు. నోరు తెరవలే.

నేను తెరిచిన. నిన్న మీటర్ల చూసిన అంకె చెప్పిన, వెంటిలేటర్ చెప్పిన, మళ్ల లోపటికి తోలింది చెప్పిన. పోలీసాయన మంచిగనే విన్నడు.

"గా మిషన్ యాడ కొన్నరు?"

"కొనలే. నేనే చేసిన."

"సర్టిఫికెట్ ఏమన్న ఉన్నదా?"

లేదన్న. ఆయన టోపీ సర్దుకున్నడు. బయట పోలీసుకు చెప్పిన మాట ఇంటికి చేరనీకి ఎక్కువసేపు పట్టదు. నేను వచ్చేవరకు అమ్మ బట్టల మూట వాకిట్ల ఉన్నది. పెద్దమ్మ పెట్టింది. అమ్మ దాని పక్కన కూసొని, "ఒక్కసారి కాళ్ల మీద పడు బిడ్డా, యాడికి పోతం మనం" అని నన్ను బతిమాలింది. నేను పడలే. అమ్మ పడ్డది. మూట మళ్ల లోపలికి పోయింది.

పిల్లను తండకు పంపనీకి పెద్దబాపు తన లారీ ఇచ్చిండు. మక్కలు మోసే లారీ అది. ముంగట జెండా కట్టిండు, తొవ్వల ఎవరు ఆపకుండ. వాడకట్టుల అందరు ఎంత పెద్ద మనసు అన్నరు. లారీ కదిలేటప్పుడు ఆయన డ్రైవర్‌తోని, తిరిగొచ్చేటప్పుడు దంతాలపల్లిల ఆగి ఎవరి కాడనో ఉన్న ఖాళీ బస్తాలు తెమ్మని చెప్పిండు.

యూనివర్సిటీ తెరిచినంక గైడు కాడికి పోయిన. ఆయన రాసిస్తే పోలీసులు నమ్ముతరని ఆశ. నేను చెప్పిందంత విని ఆయన అద్దాలు తుడుచుకున్నడు.

"చాలా బాధాకరం," అన్నడు. "కానీ కాలిబ్రేషన్ చేయని సెన్సరు మీద నేను సంతకం ఎలా పెడతానమ్మా?" ఆ దినం నేను రాసుకున్న డేటా చూపియ్యమన్నడు. చూసిండు. ఆయన మొఖం ఎలిగింది. "ఇది అద్భుతంగా ఉంది. వంట ఆవిర్లకి అసలు కదలలేదే! పేపర్ రాద్దాం. పిల్ల విషయం అవీ వద్దు. 'ధాన్యం నిల్వ గదిలో క్షేత్ర పరీక్ష' అని రాయి, చాలు."

పేపర్ అచ్చయింది. ముందు ఆయన పేరు, తర్వాత నా పేరు. దాంట్ల ఒక బొమ్మ ఉన్నది. నున్నగ పోతున్న గీత ఒక కాడ గోడ కూలినట్టు కిందికి పడ్తది. ఆ గీత పడ్డకాడ అక్క పిల్లను బుజం మీద ఏసుకొని నిలబడి ఉండె. మీటింగ్‌లల్ల ఆ బొమ్మ తెర మీద పెట్టి గైడు, "చూడండి, ఎంత వాడిగా స్పందించిందో" అంటుండె. నేను కింద కూసొని చూస్తుంటి.

ఆ గదిల పెట్టిన పూత మళ్ల మామూలు కాలే. ఎంత వేడి చేసినా పాత అంకెకు రాలే. ఫాస్ఫీన్ పోయినా దాంట్ల ఉన్న భాస్వరం పూత మీద అతుక్కొని ఉంటది, కాల్చినా పోదు. విషం పట్టే పూత విషానికి ఎక్కువ దినాలు ఆగదన్నట్టు. నా పీహెచ్‌డీల మిగిలిన సగం గదే అయింది. పూత ఖరాబు కాకుండ ఎట్ల కాపాడాలె, వాన తేమకు తప్పు అంకె చూపియ్యకుండ ఎట్ల చెయ్యాలె, తక్కువ కరెంటుతోని, చిన్న బ్యాటరీతోని దినమంత ఎట్ల నడవాలె.

రాష్ట్రం వచ్చిన దినం మా గోదాము ముంగట పటాకులు కాల్చిన్రు. పెద్దబాపును దండలతోని ముంచిన్రు. ఉద్యమంల అన్నం పెట్టిన చెయ్యి అన్నరు. ఆయన నాకు మిఠాయి ఇయ్యబోతే నేను తీసుకోలే. "ఇంకా గదే మనసుల పెట్టుకున్నవా?" అన్నడు. ఆయనకు నిజంగనే తాజ్జుబ్ అయింది, నన్ను వింతగ చూసిండు.

ఆ తర్వాత నాకు భూపాలపల్లిల కాలేజీల ఉద్యోగం వచ్చింది. అమ్మను తెచ్చుకున్న. కార్మికుల క్వార్టర్లల్ల, వాటి వెనక రేకుల షెడ్లల్ల బొగ్గు పొయ్యి మీదనే వండుకుంటరు శానమంది. చలికాలం తలుపులు ఏసుకొని కుంపటి పక్కన పంటరు. కాలేజీ పిల్లలతోని కలిసి ఆ ఇండ్లల్ల సెన్సర్లు పెట్టి చూసుడు మొదలు పెట్టిన. ఇప్పటి డబ్బ చిన్నది, గాలి పాడైతే కూత పెడ్తది. తేమకు తప్పు కూయదు, పోపుకు కూయదు.

అట్ల ఒక షెడ్డుల అక్క కనబడ్డది. కట్టడం పని మీద వచ్చి అక్కడ్నే ఉన్నరు. జుట్టు నెరిసింది. మళ్ల పిల్లలు కాలేదట. పొయ్యి కాడ కూసొని జొన్న రొట్టె కొడుతున్నది. నన్ను గుర్తుపట్టింది, లేవలే. నేను కూసున్న. డబ్బ తీసి చూపిచ్చిన. ఇది మంచిగ పని చేస్తది అక్కా, ఇంట్ల గాలి పాడైతే ముందే చెప్తది, నీ కాడ పెట్టిపోత అన్న.

ఆమె డబ్బను చేతుల పట్టుకొని అటు ఇటు తిప్పి చూసింది.

"గిది కూస్తే ఏం జెయ్యాలె?"

"బయటికి రావాలె."

"వచ్చి?"

నేను గాలి ఆడేదాక బయట ఉండాలె అన్న. ఆమె షెడ్డు తలుపుకెల్లి బయటికి చూసింది. బయట బూడిద వాన. థర్మల్ ప్లాంటు పొగగొట్టం, రోడ్డు మీద బొగ్గు లారీలు, పక్క షెడ్డుల నుంచి అదే పొయ్యి పొగ.

"ఆనాడు నీ మిషన్ నిజమే చెప్పింది," అన్నది. "సేటుకు తెల్సింది, నాకు తెల్సింది, నీకు తెల్సింది. తెల్వక సావలే నా బిడ్డ."

అప్పుడే ఆమె పెనిమిటి వచ్చిండు. నన్ను చూసి తువ్వాల దులిపి, "ఏంది?" అన్నడు. నేను లేచిన. అక్క డబ్బను నా చేతుల పెట్టింది. కోపంగ కాదు, పక్కింటోళ్ల గిన్నె తిరిగి ఇచ్చినట్టు ఇచ్చింది. పెనం మీద రొట్టె మాడుతున్నదని అటు తిరిగింది.

తెల్లారి కాలేజీకి పోయిన. కొత్త పొడి నూరి ఉన్నది, ఫర్నేస్ వేడెక్కుతున్నది. పిల్లలు ఎదురుచూస్తున్నరు. ఏ ఇండ్లల్ల పెడదాం మేడం అని అడిగిన్రు. ఇండ్లల్ల తర్వాత పెడదాం, ముందుగాల ఆ షెడ్ల గోడలకు ఎత్తుల సందులు కొట్టిపిద్దాం, ఎవరిని అడగాల్నో కనుక్కొని రండి అన్న. వాళ్లు పోయి మాపటికి తిరిగొచ్చిన్రు. ఆ షెడ్లు ఒక కాంట్రాక్టర్‌వట. రేకులకు బొక్కలు పెడితే ఊకోనన్నడట.